ఆయుధపూజ నాడు దొరికిన నక్షత్రం

నేను ఒక వర్ణపటదర్శినిని. పలకడం కష్టమైతే ఇనుప పెట్టె అనుకోండి. చూసినవాళ్లందరూ అదే అనుకుంటారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరెవరున్నారో ముందు చెబుతాను. ఇల్లంటే అనంతపురం వైపు ఒక గుట్ట మీది వేధశాల. గుండ్రటి గుమ్మటం, దాని పైన మీట నొక్కితే తెరుచుకునే రేకు, కింద మామూలు తలుపు. లోపల డైరెక్టర్ సదాశివం గారు, పూజారి శేషయ్య స్వామి, గుమ్మటం పనులు చూసే ఓబులేసు, పరిశోధన చేస్తున్న అశ్వర్థమ్మ. వీళ్లు కాక నా మీద ఒక బంతిపూల దండ, ఒక నిమ్మకాయ. ఆ రోజు ఆయుధపూజ.

ఇప్పుడు నాకు పని లేదు. గుట్ట కింద ప్రదర్శన గదిలో అద్దం వెనక కూర్చున్నాను. ఆయుధపూజ నాటి సాయంత్రం నేను ఒక సూపర్‌నోవాను, అంటే పేలిపోయిన నక్షత్రాన్ని, వర్గీకరించానని నా కింద అట్ట మీద రాసి ఉంది. తాళం వేసిన గుమ్మటంలో, ఎవరి సాయమూ లేకుండా నాకు నేనే లేచి చేశానట. బడిపిల్లలు వచ్చినప్పుడు సదాశివం గారు, "పూజ చేసిన పూటే ఫలితమిచ్చింది చూడండి" అంటారు. పిల్లలు దండం పెట్టుకుంటారు. పోయిన వారం ఒకడు లెక్కల్లో పాసు చేయించమని కూడా అడిగాడు. నేను నక్షత్రాల సంగతి మాత్రమే చూస్తానని వాడికి ఎలా చెప్పను?

నా లోపలి గీతల అద్దం విదేశం నుంచి ఓడలో వచ్చింది. దాని చుట్టూ పెట్టెను మాత్రం ఇనుప గేట్లు చేసే షెడ్డులో చేశారు. నన్ను మొదట ఒక కాలేజీ వాళ్లు కొన్నారు. అక్కడి లెక్చరర్లకు నేనంటే ఎంత గౌరవమంటే, పాడైపోతానేమోనని ఒక్కరూ ముట్టుకోలేదు. నా మీద క్యారియర్లు మాత్రం పెట్టుకునేవాళ్లు. కొన్నేళ్లపాటు సాంబారు వాసన తప్ప ఏమీ వర్గీకరించలేదు. ఆ తర్వాత గుట్టవాళ్లు తెచ్చుకుని, దూరదర్శిని కింద బిగించారు.

దూరదర్శిని వెలుగును పట్టి ఇస్తుంది, నేను దాన్ని రంగులుగా చీలుస్తాను. ఫొటోలూ పేరూ దానికి, చాకిరీ నాకు. నక్షత్రాలు పేలిపోవడంలోనూ రకాలున్నాయి. రంగుల్లో హైడ్రోజన్ గీత కనిపిస్తే, పెద్ద నక్షత్రం తనంతట తాను కూలిపోయిందని అర్థం. హైడ్రోజన్ లేకుండా సిలికాన్ గుంట కనిపిస్తే, పక్క నక్షత్రం సొత్తు లాక్కుని లాక్కుని చివరికి పేలిపోయిన చిన్న నక్షత్రమని అర్థం. ఈ రెండో రకం మీకు కొత్తగా అనిపించదనుకుంటాను.

ఆ ఉదయం అశ్వర్థమ్మ, ముందురోజు తీసిన ఫొటోను పాత ఫొటో పక్కన పెట్టి చూసింది. ఒక గెలాక్సీ అంచున, పాతదాంట్లో లేని చుక్క ఒకటుంది. ఆ పిల్ల చిన్నగా కూడా అరవలేదు. మళ్లీ మళ్లీ చూసింది. నాలుగేళ్లుగా వెతుకుతున్న చుక్క అది. కానీ నేను దాని రంగులు చీల్చి రకం చెప్పేదాకా అది ఉత్త అనుమానమే. ఆ గెలాక్సీ చూస్తే పడమర దిక్కున పొద్దు వెంటే దిగిపోతోంది. మర్నాటి నుంచి తుఫాను మబ్బులని రేడియో చెప్పింది. ఆ సాయంత్రం దాటితే, మబ్బుల్లేని దేశంలో ఇంకెవరో దానికి రకం రాసుకుంటారు.

ఆమె సాయంత్రం పూజ అయ్యేదాకా ఆగి, సదాశివం గారి దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పింది.

"సంతోషం. రేపు చూద్దాం" అన్నారాయన. "పూజలో పెట్టిన వస్తువును ఇవాళ వాడకూడదమ్మా."

"రేపు మబ్బులు సార్."

"అది పేలి కోట్ల సంవత్సరాలైంది. ఒక్క రోజు ఆగలేదా?"

"అది ఆగుతుంది సార్. తుఫాను ఆగదు."

"నాకు ఇట్లాంటి నమ్మకాలు లేవు, నీకూ తెలుసు. కానీ రిస్కెందుకు? మూడేళ్ల కిందట పండగపూట ఆన్ చేస్తే యూపీఎస్ కాలిపోలేదా?"

కాలిపోయింది, నిజమే. ఆ పండగ పొద్దున దాని మీదే కొబ్బరికాయ కొట్టారనీ, నీళ్లన్నీ దాని కడుపులోకే పోయాయనీ ఎవరూ అనరు. ఆ కాయ కొట్టిన శేషయ్య స్వామి, "దైవంతో పంతం వద్దు తల్లీ" అంటూ పళ్లెం సర్దుకున్నారు. అయితే సదాశివం గారిలో సైన్సు బొత్తిగా లేదని అనలేను. స్వామి కుంకుమ పట్టుకుని నా లోపలి అద్దానికి బొట్టు పెట్టబోతే, "అక్కడ వద్దు స్వామీ, మూత మీద పెట్టండి" అని చెయ్యి పట్టుకుని ఆపారు.

అశ్వర్థమ్మ వెనక్కి తగ్గి నా పక్కకు వచ్చి నిలబడింది. ఆమె ఎప్పుడూ అంతే. తరగతిలో జవాబు తెలిసినా చెయ్యెత్తని రకం.

"ఓబులేసూ, తాళం వెయ్" అని చెప్పి, డైరెక్టర్ గారు స్వామిని తీసుకుని జీపు దగ్గరికి నడిచారు. గుట్ట కింద పులిహోర చల్లారిపోతోంది.

ఓబులేసు తాళంకప్ప తీసుకుని వచ్చి, గడప దగ్గర ఆగిపోయాడు. అశ్వర్థమ్మ బయటికి వెళ్లలేదు. నా పక్కనే నిలబడి ఉంది. నా మీది దండ తీసి ఒద్దికగా కుర్చీ మీద పెట్టింది.

"ఏం పాపా ఇది" అన్నాడు ఓబులేసు, గొంతు తగ్గించి. "సారు సూస్తే నా పని అయిపోతాది."

"తాళం వేసేయన్నా. పైరేకు తీసే మీట లోపలే ఉంది కదా."

"యంత్రం కాలిపోతే?"

"ఈసారి దాని మీద టెంకాయ కొట్టలేదు కదన్నా."

ఓబులేసు నవ్వబోయి ఆపుకున్నాడు. "నిమ్మకాయ మాత్రం తీయగాకు" అన్నాడు. "నాకు బయం."

"తీయను."

జీపు స్టార్టయింది. "ఓబులేసూ, లోపల ఎవరైనా ఉండిపోయారా?" అని సదాశివం గారు కేకేశారు.

ఓబులేసు ఆమె వైపు చూశాడు. నా వైపు చూశాడు. బయట పొద్దు గుట్టల మీదికి వాలింది.

"ఎవురూ ల్యారు సార్" అన్నాడు గట్టిగా. "దేవుడొక్కడే ఉండాడు."

ఆమె మీద తలుపు మూసి, తాళం వేసేశాడు.