ఇరవై మూడు బై అరవై

మా మామగారు నా దయ్యాల జోలికి పోలేదు. పోయినా ఇంత మండేది కాదేమో. దయ్యాల కింద ఉన్న పెన్సిల్ రాతను చెరిపేశారు.

దయ్యాలంటే ఆరు బొమ్మలు. యాభై అరవై ఏళ్ల కిందటి ఇటలీ దయ్యాల సినిమాలంటే నాకు పిచ్చి. కథ తలాతోకా లేకుండా ఉంటుంది, రంగు మాత్రం కళ్లలో నిలిచిపోతుంది. ఎర్రటి వెలుతురులో పొడవాటి నడవా, కత్తి పట్టిన నల్ల గ్లౌజు, సగం తెరిచిన తలుపు వెనక ఒక్క కన్ను. వడోదరలో అరుణ అనే ఆవిడ ఆ సినిమాలు చూసి బొమ్మలు గీసేది, తన చేత్తోనే స్క్రీన్ ప్రింట్ వేసేది. మన దగ్గర శుభలేఖలు వేసే పద్ధతే, కాకపోతే ఒక్కో బొమ్మకు పదకొండు రంగులు. ఒక్కో బొమ్మ అరవై ప్రతులే. అరవై అయ్యాక స్క్రీన్లు కడిగేసేది. ఇక అరవై ఒకటోది భూమ్మీద పుట్టదు. ప్రతి కాగితం కింద ఎడమ పక్కన అది ఎన్నో ప్రతో పెన్సిల్‌తో రాసి, కుడి పక్కన సంతకం పెట్టేది. అచ్చు ఎవరైనా వేస్తారు, ఆ పెన్సిల్ రాత మాత్రం ఆమె చెయ్యి. నా ఆరింటి మీదా ఒకటే అంకె, 23/60. ఏడాదికొకటి చొప్పున ఆరేళ్లు ఎదురుచూసి తెప్పించుకున్నాను. కిందటేడు ఆవిడ పోయింది.

మా ఊరు లక్డారంలో మా అమ్మ నర్సింహమ్మ మొదటి బొమ్మ చూసి, "దేవుని పటం తెమ్మంటే దయ్యం పటం తెచ్చినవేందిరా శివుడూ" అని నెత్తి కొట్టుకుంది. ఆమెను నవ్వించి గట్టెక్కాను. ఇంట్లో ఇంకో ప్రమాదం పొంచి ఉందని అప్పుడు తెలియదు.

నాలాంటి పిచ్చివాడే ఇంకొకడు, ప్రవీణ్‌కుమార్, హైదరాబాద్‌లో తన ఇంట్లో ఆదివారం చిన్న ప్రదర్శన పెడుతున్నాడు. ఆరూ ఒకే అంకెతో ఉన్న సెట్టు అతనికి తెలిసి నా దగ్గర తప్ప ఎక్కడా లేదు. అందుకని హాల్లో మధ్య గోడ నాకే ఇచ్చాడు. ఆ గోడకు ఫ్రేములు కావాలి. "నేను కడతానండి" అన్నారు మా మామగారు బాపిరాజు. సరే అన్నాను. నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

ఆయన భీమవరం పక్క నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ ప్లాంటులో ముప్పై నాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశారు. యంత్రాల నక్షాలు గీయడం ఆయన పని. స్కేలు లేకుండా గీత గీసినా దారం లాగినట్టు ఉంటుంది. గురువారం మధ్యాహ్నం షిఫ్టు దిగి వెలిమెలలో మా ఫ్లాటుకు వచ్చేసరికి, ఆరు బొమ్మలూ డైనింగ్ టేబుల్ మీద పరిచి, చిన్న బ్రష్షుతో రబ్బరు పొట్టు ఊడుస్తున్నారు.

"రండి అల్లుడుగారూ. బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి గానీ, పాపం ఆవిడ పెన్సిల్ గీతలు తుడవకుండా వదిలేసిందండి. ఆరింటికీ తీసేశాను. మచ్చ కూడా లేదు చూడండి."

నిజంగానే మచ్చ లేదు. ప్లాంటులో ఇంకుతో గీయడం అయ్యాక కింది పెన్సిల్ గీతలు తుడవాలట. తుడవని నక్షాను పై అధికారి మొహాన కొట్టేవాడట. ఇదంతా తర్వాత నా భార్య హరిచందన చెప్పింది. అప్పటికైతే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవలు తుడవమన్నరు మామా? నేను చెప్పిన్నా? జెర ఫోన్ చేసి అడిగితే మీ నోట్ల ముత్యాలు రాలుతయా?"

"మరకలనుకున్నానండి..."

"మరకలా! గది సంతకం! సచ్చిపోయిన మనిషి సంతకం! ఇగ గిది క్యాలెండర్ బొమ్మ. మేకుకు తగిలిచ్చుకోనీకె తప్ప దేనికీ పనికిరాదు."

హరిచందన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "శివా, మెల్లగా. నాన్న కావాలని చేశారా?"

"కావాల్నని చేస్తే కొట్లాడనీకన్నా వస్తుండె!"

బొంతపల్లి దగ్గర మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం నాది. రికార్డుల్లో మాకు పెన్సిల్ నిషేధం, రబ్బరు నిషేధం. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత కొట్టాలి, పాత అంకె కనబడుతూనే ఉండాలి. పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం పెట్టాలి. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. పోయిన నెల యాదగిరి అనే ఆపరేటర్ రికార్డులో ఉష్ణోగ్రత అంకె మీద ఇంకో అంకె దిద్దాడు. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాడు. అందరి ముందూ నిలబెట్టి కడిగేశాను. "తప్పు రాసిన సార్, దిద్దిన. దొంగతనమైతే జెయ్యలే" అన్నాడు. "చెరిపినోడు దొంగే" అని మూడు రోజులు ఇంటికి పంపించాను. అంతటి నా ఇంట్లో, నా టేబుల్ మీద రబ్బరు పొట్టు!

ఫోన్ తీసి ఆయన ముందు పడేశాను. అందులో ఆరు బొమ్మల ఫోటోలూ ఉన్నాయి, పెన్సిల్ రాత స్పష్టంగా కనబడుతూ.

"మీ చేతిరాత గొప్పది గదా మామా. చూసి మళ్ల రాయుండ్రి. ఆరింటి మీద. ఆదివారం లోపట."

"అది ఆవిడ సంతకం కదా శివా" అంది హరిచందన.

"తుడిచేటప్పుడు ఎవల సంతకమని అడిగిండ్రా?"

 ఆయన ఒక చిత్తుకాగితం లాక్కుని, ఫోటోను కాసేపు చూసి, పెన్సిల్‌తో రాశారు. అదే అంకె, అదే సంతకం, చివర్లో ఆమె పైకి లాగే తోకతో సహా. 

"గిట్లనే. ఎవ్వలకూ తెల్వది" అన్నాను.

ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "రేపు మీరు డ్యూటీ నుంచి వచ్చేసరికి పూర్తి చేస్తానండి" అన్నారు.

శుక్రవారం కూడా నా కోపం దిగలేదు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, టీ చల్లారిందని క్యాంటీన్‌లో అరిచాను. ఇంటికి వచ్చి చూస్తే ఆరు ఫ్రేములూ గోడకు మొహం పెట్టి నిలబడి ఉన్నాయి. ఒకటి తిప్పాను. కింద తెల్లగా ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"ఏంది మామా గిది? రాస్తనంటిరి గదా!"

"రాశానండి. వెనక చూడండి."

వెనక, కుడి పక్క మూలలో, ఇంకుతో ఒక చిన్న పట్టిక ఉంది, ఆరింటికీ. ప్లాంటులో నక్షా ఒకసారి బయటికి వెళ్లాక దాని మీద ఏ మార్పు జరిగినా ఆ మూలలో ఎక్కించాలట. అడిగి కాదనిపించుకున్న మార్పును కూడా ఎక్కించడం ఆయనకు అలవాటట.

మొదటి వరస: "కింది అంకె 23/60, చిత్రకారిణి అరుణ గారి సంతకం చెరిపివేయబడినవి. చేసినవారు: బాపిరాజు." తేదీ. "కారణం: తెలియక."

రెండో వరస: "ఆ అంకెను, సంతకాన్ని మరొకరి చేత తిరిగి రాయించుట. కోరినవారు: శివకుమార్. చేయబడలేదు." తేదీ. "కారణం" అన్న గడి ఖాళీగా ఉంది.

"తుడవడం నా తప్పేనండి, ఎన్ని తిట్టినా పడతాను" అన్నారాయన. "ఇంకొకరి సంతకం మాత్రం ఈ చేత్తో పెట్టలేను. రెండోదానికి కారణం నాకు తెలీదు కదండీ. అది మీరే రాయాలి." జేబులోంచి ఇంకు పెన్ను తీసి నాకిచ్చారు.

ఎగతాళి చేస్తున్నారేమోనని ఆయన మొహం చూశాను. లేదు. ఏడ్చినట్టున్నారు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. నా కోపానికి ఇక ఎటూ దారి దొరకలేదు, తిరిగి నా మీదికే వచ్చింది. చెప్పేవి శ్రీరంగనీతులు. మూడు రోజులు ఇంట్లో కూర్చున్న యాదగిరి పెళ్లాం పిల్లలకు ఏం చెప్పుకున్నాడో నేను ఏనాడూ అడగలేదు. అతను దిద్దింది తన అంకెను. నేను పెట్టించబోయింది చచ్చిపోయిన మనిషి సంతకాన్ని.

ఖాళీ గడి వదలకూడదని ఫ్యాక్టరీలో అందరికీ నేర్పింది నేనే. మొదటి ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని, పెన్ను మూత తీసి, కారణం దగ్గర రాశాను: తెలిసి.

ఇంకా ఐదు మిగిలాయి.