మూడో వారం పరుగు

“ఇక్కడొక సంతకం పెట్టమ్మా. మిగతాది మేం చూసుకుంటాం,” అంటూ సబ్‌ఇన్‌స్పెక్టర్ అట్టకు బిగించిన కాగితాన్ని ఆమె ఒళ్లో పెట్టాడు.

ఆపరేషన్ గది తలుపు మీద ఎర్రదీపం వెలిగి మూడు గంటలయింది. లోపలున్నది ఆమె తమ్ముడు. తెల్లవారుజామున అయిదుంబావుకు వంతెన దిగువన పరిగెడుతున్న వాణ్ణి ఏదో బండి వెనకనుంచి గుద్ది, ఆగకుండా పోయింది. అరగంట తర్వాత అటుగా వచ్చిన పాలవ్యాన్ డ్రైవర్ చూసి, బండిలో వేసుకుని ఆస్పత్రికి తెచ్చాడు. అదే అతను చేసిన పాపమయింది. వ్యాన్‌లో రక్తం, ముందు బంపరుకు పాత సొట్ట. పోలీసులకు ఇంకేం కావాలి? గుద్దింది అతనేనని కాగితంలో రాసేశారు.

ఎదురు బెంచీ మీద ఆ డ్రైవర్ భార్య పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ కాగితం వంకే చూస్తోంది.

“లోపలున్నవాడికి ఏదన్నా అయిందంటే ఆ పాలవాడు పదేళ్లు బయటికి రాడు,” అన్నాడు సబ్‌ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించి.

“పెట్టవే. ఇంకా ఆలోచనేంటి?” అన్నాడు పక్కనున్న భర్త.

ఆమె కలం తీసుకుంది. అసలు ఈ పరుగు ఆలోచన తనదే.

తమతోనే ఉండే తమ్ముడు హోటల్ లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ మెషిన్ ముందు నిలబడే మనిషి. ముప్ఫై రెండేళ్లకే రెండు మెట్లెక్కితే ఆయాసం. డాక్టర్ బీపీ చూసి భయపెట్టాడు. ఏడింటికి డ్యూటీ ఎక్కితే దిగేసరికి రాత్రి. కాళ్లు మొద్దుబారి ఇల్లు చేరేవాడు. ఇక మిగిలింది తెల్లవారుజామే. ఆమె దర్జీ. గుడ్డ ఎంతుందో చూసుకునే కత్తెర పెడుతుంది. అలాగే వాడి పొద్దునీ కొలిచి కాగితం మీద గళ్లు గీసింది. మొదటి వారం నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. మూడో వారం రెండు, రెండు. మంగళ, గురు, శనివారాలు పరుగు, తక్కిన రోజులు విశ్రాంతి. అయిదింటికి గుమ్మం, అయిదుంబావుకు వంతెన, అయిదున్నరకు మళ్లీ ఇల్లు. ఆ కాగితం వంటగది తలుపుకు అంటించింది.

బ్రెడ్ వ్యాన్ నడిపే భర్త దాన్ని చూసి పగలబడి నవ్వాడు.

“పరిగెత్తడానికి టైంటేబులేంట్రా? కుక్క వెంటపడితే నువ్వే పరిగెడతావు.”

“నీ వ్యాన్ వెంటపడిన కుక్కలు విసుగొచ్చి నడుచుకుంటూ దాటిపోతాయంట కదా బావా.”

ఆ రోజు ముగ్గురూ నవ్వారు.

“ఆ పాలవాడు తాగి ఉండాలి సార్,” అంటున్నాడు ఇప్పుడు భర్త, సబ్‌ఇన్‌స్పెక్టర్‌తో. “వీపు మీద ఆ పట్టీ అంతలా ధగధగమంటుంటే కళ్లున్నవాడికి కనబడదా?”

వేలిగోట్లో సూది దిగినట్టయింది ఆమెకు. కలం ఆగిపోయింది.

“సార్, మావాడి చొక్కా ఎక్కడుంది?”

“వచ్చీరాగానే క్యాజువాల్టీలోనే సంచిలో వేసి సీలు వేశాం. ఎందుకమ్మా?”

“ఎవరికైనా చూపించారా?”

“సాక్ష్యాన్ని ఎవరికి చూపిస్తాం?” అని అతను ఇంకేదో అనబోయేలోపు ఫోన్ మోగింది. మాట్లాడుతూ వరండా చివరికి నడిచాడు.

ఆమె భర్త వైపు తిరిగింది.

“పట్టీ సంగతి మీకెవరు చెప్పారు?”

“నువ్వే చెప్పుంటావు.”

“నిన్న మా వర్క్‌షాపులో రోడ్డు కూలీల కోట్లకు కుట్టగా మిగిలిన ముక్క అది. అడక్కుండా తెచ్చాను. తెలిస్తే పని ఊడుతుందని ఎవరికీ చెప్పలేదు. వాడి చొక్కాకు కుట్టేసరికి మీరు గుర్రుపెడుతున్నారు. మూడున్నరకు మీరు వెళ్లేటప్పుడు అది వాడి దిండు కింద ఉంది.”

“అయితే వాడే చెప్పుంటాడు. నాకు గుర్తుందా ఏంటి?”

“వాడు మిమ్మల్ని చూసిందెప్పుడు?” ఆమె గొంతు పెరగలేదు. “బూడిదరంగు చొక్కా మీద బూడిదరంగు పట్టీ అది. ఊరికే చూస్తే అతుకేసినట్టుంటుంది. వెనకనుంచి హెడ్‌లైట్ పడితేనే మెరుస్తుంది.”

అతను నేల చూస్తూ గొణిగాడు.

“ఆలస్యమైందని తొక్కేశాను. మలుపు తిరిగేసరికి ఎదురుగా భగ్గుమంది. బ్రేకు మీద కాలు పడేలోపే... అది వాడని నాకేం తెలుసే?”

“తెలుసు. అయిదుంబావుకు వాడెక్కడుంటాడో తలుపు మీద రాసుంది. రోజూ మీరు దాని ముందే నిలబడి నీళ్లు తాగుతారు.”

ఆమె కాగితాన్ని ఒళ్లో బోర్లించింది.

“అరగంట ముందు తెచ్చుంటే ఇంత రక్తం పోయేది కాదన్నాడు డాక్టరు. ఆ అరగంటా మీరేం చేశారు?”

“బ్రెడ్ దించాను.” అతను ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. “చూడు, నేను లోపలికెళితే మీ ఇద్దరి గతేంటి? వాడు లేచినా ఇక నిలబడి పని చేయలేడు. ఆ పాలవాడు మనకేమవుతాడు చెప్పు? సంతకం పెట్టు, నీకు దణ్ణం పెడతా.”

అతను చెప్పింది అబద్ధం కాదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. దర్జీ కూలీతో ఇంటద్దె కూడా రాదు.

ఎదురు బెంచీ మీది పాలాయన భార్య పిడికిలి నోటినుంచి తీసింది. మాటలు వినబడే దూరం కాదు. కానీ ఆ పట్టుకున్న చేతిని, వంగిన తలనూ చూసింది. ఏదో అడగబోయి, ధైర్యం చాలక, మళ్లీ పిడికిలి నోటికి పెట్టుకుంది.

ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

సబ్‌ఇన్‌స్పెక్టర్ తిరిగొచ్చాడు. “అయిందామ్మా సంతకం?”

ఆమె భర్త వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, లేచి నిలబడి, కాగితం అతని చేతికిచ్చింది.

“ఇది తప్పు సార్. ఆ పాలాయన్ని ఇంటికి పంపించండి. మా తమ్ముణ్ణి గుద్ది రోడ్డు మీద వదిలేసింది మా ఆయన.”