మాస్కులో మాట

లిఫ్టు పనిచేస్తోంది. అదే ఫినాయిల్ బాధ. చెడిపోయిన లిఫ్టయితే అందరితోపాటు తిట్టుకుంటూ మెట్లెక్కెయ్యొచ్చు. ఇది చక్కగా పైకీ కిందికీ తిరుగుతోంది. ఓ కుక్కపిల్ల, దాని యజమానురాలు, ఎవరిదో విరిగిన కుర్చీ, అన్నీ అందులోనే వెళ్తున్నాయి. ఫినాయిల్ మాత్రం రెండు చేతుల్లో రెండు మందు డబ్బాలు, భుజాన పసుపు సంచుల కట్టతో మెట్ల మీద ఉన్నాడు.

"మీరు చేసే పనికి లిఫ్టు బాగుండదండీ," అని ఫ్లాటు ఓనరు కిందే చెప్పేశాడు.

"ఇంకా పని మొదలే పెట్టలేదు కదండీ. ఇప్పుడు శుభ్రంగానే ఉన్నాం."

"దిగేటప్పుడు ఉండరు కదా?"

"అయితే ఎక్కేటప్పుడు ఎక్కొచ్చా?"

ఓనరు కాసేపు ఆలోచించాడు. "వద్దులెండి, అలవాటైపోతుంది," అన్నాడు.

ప్రమాదాలు జరిగిన ఇళ్లలో, మనుషులు పోయిన గదుల్లో మిగిలిపోయిన రక్తం శుభ్రం చెయ్యడం ఫినాయిల్ ఉద్యోగం. అది పోలీసులు చెయ్యరు. అంబులెన్సువాళ్లు చెయ్యరు. పనిమనిషి ఆ గుమ్మం తొక్కదు. ఇలాంటి పనికి విడిగా మనుషులుంటారని తెలియగానే జనం ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యంలోంచి తేరుకుని రేటు తగ్గించమంటారు. ఫినాయిల్ అని పేరు పెట్టింది బావమరిది. ఇప్పుడు చుట్టాలంతా అదే అంటారు. వాళ్లిళ్లలో ఆయన లేచిన కుర్చీని ఎవరో ఒకరు గుడ్డతో తుడుస్తారు. ఆ కుటుంబం మొత్తంలో అన్నిసార్లు చేతులు కడిగే మనిషి ఇంకొకరు లేరు. అయినా భోజనాల దగ్గర ఆయన్నే అడుగుతారు, చేతులు కడుక్కున్నారా అని. అడిగేవాళ్లు ఓ చేత్తో ఫోను నొక్కుతూ, మధ్యలో అదే చేత్తో తింటూ ఉంటారు.

వెనకాల భార్య బకెట్టు, మాపు కర్ర పట్టుకుని ఎక్కుతోంది. ఆవిడ ఈ పనిలోకి వచ్చింది ఒక్కరోజు సాయానికి. అప్పట్లో ఆయనతో పనిచేసేవాడు మొదటి గదిలోనే కళ్లు తిరిగి పడిపోయాడు. లేచాక మళ్లీ కనిపించలేదు. తడిసిన పరుపు ఒక్కడు మొయ్యలేడు. ఒంటినిండా తొడుక్కునే ప్లాస్టిక్ సూటుకి జిప్పేమో వీపు మీద ఉంటుంది. "ఈ ఒక్కరోజుకి రావే," అన్నాడు. అప్పుడు కూతురు మూడో తరగతి. ఇప్పుడు ఆ కూతురికి పెళ్లయి కాపురానికి కూడా వెళ్లింది. ఆ ఒక్కరోజు ఇంకా అయిపోలేదు.

"కుక్కకున్న విలువ మనకి లేదు, చూశావా?"

"ఊఁ."

"అది లిఫ్టులో ఏం చేసినా పర్లేదు."

"ఊఁ."

"ఏంటి ఊఁ? నేనేమన్నా కథ చెప్తున్నానా?"

"మెట్లెక్కుతున్నా కదండీ. ఊపిరాడితే కదా మాట్లాడేది."

నిజానికి ఆవిడ దగ్గర ఒక మాట ఉంది. నెల్లాళ్లుగా ఉంది. ఈ పని మానేస్తానని. వాళ్ల వీధి చివర జిరాక్స్ షాపులో మనిషి కావాలన్నారు. రేపటినుంచి రమ్మన్నారు. ఇంట్లో చెప్దామంటే ఆయన నోటికి ఖాళీ ఉండదు. నీళ్ల మోటారు చప్పుడు, పక్కింటివాళ్ల టీవీ, అరగక ముందే విరిగే సబ్బు, అల్లుడు ఫోన్లో "ఆఁ... ఆఁ..." అనే పద్ధతి. ఒకటి తిట్టడం పూర్తయ్యేలోగా ఇంకోటి వరసలో నిలబడి ఉంటుంది. ఆయన నోరు మూసుకునేది మాస్కు పెట్టుకున్నప్పుడే. అందుకని పని మధ్యలో చెప్పాలని ఆవిడ నిర్ణయించుకుంది. మంచి నిర్ణయమే. మాస్కు తనకీ ఉంటుందన్న సంగతి ఒక్కటే లెక్కలోకి రాలేదు.

ఆ ఫ్లాటులో అద్దెకున్నాయన ఒంటరివాడు, గడియారాలు బాగుచేసేవాడు. బాత్రూములో కాలుజారి, వాష్‌బేసిన్ అంచుకి తల కొట్టుకున్నాడు. లేచి, గోడ పట్టుకుని హాలుదాకా నడిచి, సోఫా పక్కన కూలబడ్డాడు. ఆ నడక మొత్తం నేలమీదా గోడమీదా రాసి ఉంది. చెంబు బోర్లాపడి ఉంది. సోఫా పక్కన మరక ఎండి, అంచుల దగ్గర పెచ్చులు లేచింది.

"ఇంట్లో పోలేదండీ," అన్నాడు ఓనరు గుమ్మం బయటే నిలబడి. "అంబులెన్సులో పోయాడు. ఎవరడిగినా అదే చెప్పండి. సాయంత్రం కొత్తవాళ్లు ఇల్లు చూడ్డానికొస్తున్నారు. చాలా సున్నితమైన మనుషులు. మనం వాళ్లని బాధపెట్టకూడదు."

ఎదురు ఫ్లాటావిడ తలుపు తీసుకుని వచ్చింది. "నాకు రక్తం చూస్తే పడదండీ," అంటూ ఓనరు భుజం మీదుగా తొంగి చూసింది. "ఎక్కడ, సోఫా దగ్గరా? మీరు కాస్త పక్కకి జరుగుతారా?" చూసింది. "అయ్యో, చూడకుండా ఉండాల్సింది," అని ఇంకోసారి చూసింది. తర్వాత ఫినాయిల్ చేతిలో డబ్బా చూసి గొంతు తగ్గించింది. "మందు మిగిల్తే మా సింకులో రెండు చుక్కలు పోసి వెళ్లండి బాబూ. గారపట్టి చస్తోంది."

ఫినాయిల్ తలుపు వేశాడు.

ఆవిడ సూటు జిప్పు ఆయన వేశాడు, ఆయనది ఆవిడ వేసింది. గ్లవ్స్ మణికట్టు దగ్గర ఊడిపోకుండా టేపు చుట్టుకున్నారు. రెండు పక్కలా గుండ్రటి ఫిల్టర్లున్న మాస్కులు బిగించుకున్నారు. ఇక ఎవరేం మాట్లాడినా నూతిలోంచి మాట్లాడినట్టే. అక్కర్లేదు కూడా. వేలు చూపిస్తే స్ప్రే అని, అరచెయ్యి చూపిస్తే ఆగు అని అర్థం.

బయటి చుక్క దగ్గర మొదలుపెట్టి లోపలికి రావాలి, లేకపోతే తొక్కిన మరకే మళ్లీ ఇల్లంతా తిరుగుతుంది. మందు కొట్టగానే రక్తం ఉన్నచోట తెల్లగా నురగ లేస్తుంది. తుడిచి, మళ్లీ కొట్టాలి. నురగ రావడం మానేదాకా కొట్టాలి. టైల్సు మధ్య సందుల్లో పళ్లు తోముకునే బ్రష్షుతో గీకాలి. ఫినాయిల్ బాత్రూములోంచి గోడవెంట చెయ్యి ముద్రలు తుడుచుకుంటూ వచ్చాడు. ఆఖరి ముద్ర స్విచ్చుబోర్డు మీద ఉంది. ఆ మనిషి లైటు ఆర్పేసి మరీ కూలబడ్డాడు. కరెంటు బిల్లు విషయంలో ఫినాయిలూ అలాంటివాడే. ఆ ఒక్క ముద్రనీ కాస్త మెల్లగా తుడిచాడు.

ఆవిడ సోఫా పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మధ్యలో బకెట్టు. నీళ్లు ఎప్పుడో నల్లబడ్డాయి. ఆవిడ బ్రష్షు కింద పెట్టింది. బలం కూడదీసుకుని అంది:

"రేపట్నుంచి మానేస్తున్నానండీ."

ఆవిడ అన్నది మానేస్తున్నానని. రేపట్నుంచి అన్న మాట మాస్కులోనే ఉండిపోయి, రెండు మాస్కులు దాటి ఆయన చెవిలో పడింది మార్చేస్తున్నానని. ఆయన బకెట్టు వైపు చూశాడు.

"మార్చెయ్!" అని అరిచాడు. "ఎప్పట్నుంచో చెప్దామనుకుంటున్నా. మార్చెయ్!"

ఆయన అన్నది మార్చెయ్ అని. ఆవిడకి వినపడింది మానెయ్ అని.

ఆవిడ ఆయనకేసి తలెత్తింది. కళ్లజోడు అద్దం లోపల ఆవిరి పట్టింది.

"నిజంగానా?"

"ఇందులో అడగడానికేముంది!"

ఆవిడ తన ముందున్న నేలంతా శ్రద్ధగా పూర్తిచేసింది. మరక గుడ్డలు నింపిన పసుపు సంచి మూతి కట్టింది. తర్వాత వచ్చి ఆయనకి వీపు చూపించి నిలబడింది. ఆయన టేపు కోసి, జిప్పు కిందికి లాగాడు. నీళ్లు మార్చడానికి సూటు విప్పడమెందుకని అనుకోకపోలేదు. నీళ్లకి కింద పంపుదాకా సూటుతో వెళ్తే ఎదురు ఫ్లాటావిడ గోలపెడుతుందని సరిపెట్టుకున్నాడు. ఆవిడ సూటు విప్పి ఇంకో సంచిలో వేసి, చేతులు కడుక్కుని, ఆయన భుజం మీద చెయ్యేసి ఒకసారి నొక్కింది. అలా ఎప్పుడూ చెయ్యదు. ఫినాయిల్‌కి చిరాకేసింది. శుభ్రం చేసుకున్న చెయ్యి మళ్లీ మురికి చేసుకుంది.

ఆయన గడప కింద ఇంకిన మరకతో పోరాడి, గుడ్డ జాడించడానికి వెనక్కి తిరిగాడు. బకెట్టు అక్కడే ఉంది. నీళ్లు అంతే నల్లగా ఉన్నాయి.

"మార్చేస్తానన్నావుగా!"

తలెత్తి చూస్తే ఆవిడ ఫ్లాటులోనే లేదు.

నీళ్లు తనే మార్చాడు. మిగతా నేలంతా తనే తుడిచాడు. పని అయ్యాక జిప్పు సంగతి వచ్చింది. ఓనరుని పిలిచాడు. ఓనరు చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి ఎంత పొడుగు ఉందో అంత దూరంలో నిలబడి లాగాడు. తర్వాత గది చూశాడు.

"ఇక్కడేమీ జరిగినట్టే లేదే," అన్నాడు నిరాశగా. "దీనికేనా ఇంత హడావుడి?"

ఫినాయిల్ సంచులు మోసుకుంటూ మెట్లు దిగాడు. ఒకే మనిషి, నాలుగు విడతలు. వ్యానులో కూర్చుని ఫోను తీశాడు.

"ఎక్కడ చచ్చావే?"

"బస్సులోనండీ. షాపాయన సాయంత్రం ఓసారి వచ్చి మిషను చూసుకోమన్నాడు."

"ఏ మిషను?"

"జిరాక్స్ మిషను. రేపట్నుంచి అక్కడే కదా. చెప్పాను కదా మానేస్తున్నానని."

"నాకెప్పుడు చెప్పావ్?"

"సోఫా పక్కన కూర్చుని చెప్పలా? మానెయ్, మానెయ్ అని మీరే కదా అరిచారు. ఎప్పట్నుంచో చెప్దామనుకుంటున్నా అని కూడా అన్నారు. నేను నమ్మలేక నిజంగానా అంటే, ఇందులో అడగడానికేముంది అన్నారు." బస్సు హారను మోగింది. ఆవిడ గొంతు మళ్లీ వచ్చేసరికి మారిపోయి ఉంది. "గొడవ చేస్తారనుకున్నానండీ. నెల్లాళ్లు హడలి చచ్చాను. ఇన్నేళ్లు కాపురం చేసి మీ మనసు తెలుసుకోలేకపోయాను, చూశారా?"

ఫినాయిల్ నోరు తెరిచాడు. లోపల మాటలు మామూలుగానే వరసలో నిలబడి ఉన్నాయి. ఒక్కటీ ముందుకి రాలేదు.

"ఎవరింటికెళ్లినా ముందు నేలే చూస్తున్నానండీ. మొన్న అక్కావాళ్లింట్లో కొత్త కార్పెట్ చూసి, ఇది ఎత్తాలంటే ఎంతసేపు పడుతుందా అనుకున్నా. అక్కేమో బాగుందా అని అడుగుతోంది." ఆవిడ నవ్వింది. "అక్కడ అన్నీ తెల్ల కాగితాలే. మరక పడితే పారేసి ఇంకోటి తియ్యడమే. వింటున్నారా?"

"ఆఁ... ఆఁ..." అన్నాడు ఫినాయిల్, అచ్చం అల్లుడిలా. "దిగేటప్పుడు జాగ్రత్త."

ఫోను పెట్టేశాడు. పెట్టేసిన వెంటనే మళ్లీ మోగింది. వదినగారు, భార్య అక్క. కబురు ముందే చేరినట్టుంది. "మీరు దేవుడు మరిదిగారూ," అని పెట్టేసింది. దేవుడి మాట అటుంచి, ఫినాయిల్ అనకుండా ఆవిడ ఆయన్ని శుభ్రంగా పిలవడమే ఇదే మొదలు.

ఇప్పుడు మీరే చెప్పాలి. నేనన్నది మానెయ్ కాదే, మార్చెయ్, అని ఆయన చెప్పేస్తే ఆవిడ రేపు పొద్దున్నే బకెట్టు పట్టుకుని వచ్చేస్తుంది. అలాంటి మనిషే. చెప్పకపోతే, బతికినంతకాలం ఆయన పెద్దమనసున్న మొగుడిలా తిరగాలి. అది ఆయనకి బొత్తిగా అలవాటు లేదు. పరుపులు మోసేదెవరు, వీపు మీద జిప్పు లాగేదెవరు అన్నది సరేసరి. పెళ్లయి చాలాకాలమైనవాళ్లు ఎవరైనా చదువుతుంటే, మీకు దణ్ణం పెడతాను, ఏదో ఒకటి తేల్చి చెప్పండి. మనిషి ఇంకా వ్యాను తియ్యలేదు. స్టీరింగు పట్టుకుని పక్క సీటుకేసి చూస్తున్నాడు. పొట్టిదాన్ని, రోడ్డు కనిపించదు అని ఆవిడ కింద వేసుకు కూర్చునే పూలగలేబు దిండు అక్కడే ఉంది, మధ్యలో గుంటపడి.