రెండు చేతుల కుట్టు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఒక దర్జీ ఇంటి కోడలు మాత్రం ముందు రచ్చే గెలిచింది.

భుజానికి నీలం సంచీ తగిలించుకుని, అందులో నాలుగు రకాల కళ్ళజోళ్ళూ ఒక అక్షరాల అట్టా పెట్టుకుని ఆమె వీధి వీధీ తిరిగేది. ఆ పని నేర్పింది ఒక కళ్ళ డాక్టరమ్మ. ఆవిడ పెద్దాసుపత్రి ఉద్యోగం మానుకుని చిన్న సంస్థ పెట్టింది. నలభై దాటాక దగ్గరి వస్తువులు మసకబారితే అదేమీ జబ్బు కాదు, అందుకోసం పని మానుకుని ఆసుపత్రి వరండాలో పడిగాపులు పడక్కర్లేదు, మామూలు అద్దం చాలు అనేది ఆవిడ. జోళ్ళు టోకున చేయించి, ఆడవాళ్ళకు చూపు పరీక్ష నేర్పి, చవగ్గా అమ్మించేది. తేడాగా ఏదన్నా కనిపిస్తేనే ఆసుపత్రికి పంపాలి. "పేదవాళ్ళకి ఊరికే ఇవ్వకూడదా?" అని ఎవరన్నా అడిగితే, "ఊరికే ఇచ్చింది సొరుగులోకి పోతుంది, కొనుక్కున్నది ముక్కు మీదికొస్తుంది" అని నవ్వేది.

కోడలికి ఆ పని అచ్చొచ్చింది. మందుసీసా మీద రాత చదవలేని కాంపౌండరూ, వాచీలు బాగుచేసే పెద్దాయనా, గింజల్లో రాళ్ళు కనపడక కోడళ్ళ మీద విసుక్కునే అత్తలూ ఆమె దగ్గర జోళ్ళు కొన్నారు. జోడు పెట్టుకున్న క్షణంలో వాళ్ళ ముఖాలు విచ్చుకోవడం చూస్తే తిరిగి తిరిగి పీకే కాళ్ళ సంగతి మరిచిపోయేది.

సొంతింట్లో మాత్రం ఆమె పప్పులుడకలేదు.

మామగారు దర్జీ. ఇంటి ముందు గదే కొట్టు. చుట్టుపక్కలంతా ఆయన్ని 'మాస్టరు' అంటారు. సూదిని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, దారం తడిపి, మెలిపెట్టి, గురి తప్పిన ప్రతిసారీ దారాన్నే తిట్టేవాడు. "ఈ కాలం దారాలకి మొనే ఉండట్లేదు."

"ఒక్కసారి ఈ జోడు పెట్టుకుని చూడండి మామయ్యా."

ఆయన నోరు విప్పేలోగా వంటగదిలోంచి అత్తగారి గొంతు వచ్చేది. "ఆయన కళ్ళకేమైంది? డేగ చూపు. ఊళ్ళోవాళ్ళకి అమ్ముకోవే, ఆయన జోలికి రాకు."

కోడలు చేసే పని ఆవిడకు గిట్టదేమో అనుకుంది ఆమె. ఆమె మొగుడు సరుకు లారీ తోలుకుంటూ వారానికోసారి వచ్చేవాడు. అతనితో చెప్పుకుంటే "అమ్మ సంగతి తెలిసిందేగా" అని తప్పుకునేవాడు.

ఒకరోజు అత్తగారు చెల్లెల్ని చూడటానికి వెళ్ళింది. మాస్టరు వీధిలోకి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"మీ అత్తయ్య లేదుగా. ఏదీ, ఇలా తే."

రెండో జోడు సరిగ్గా కుదిరింది. సూదిలోకి దారం ఒక్క దెబ్బకి దూరింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. తన గోళ్ళు చూసుకున్నాడు, టేపు మీద సన్నగీతలు చూశాడు, కోడలి వైపు తిరిగాడు.

"నీ నుదుటి మీద ఆ మచ్చ ఎప్పుడు పడిందమ్మా?"

"నేను ఈ ఇంటికి రాకముందే పడింది మామయ్యా."

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. ఆ ఊపులోనే ఆయన కొక్కేనికి తగిలించి ఉన్న చొక్కా తీశాడు. తను కుట్టిందే, ఆ సాయంత్రం ఇచ్చెయ్యాలి. కాజాలు చూశాడు. మెడపట్టీ తిప్పి చూశాడు. చొక్కా మొత్తం లోపలివైపు తిరగేశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇది నా కుట్టు కాదు."

ఇంకోటి తీశాడు. దాన్లో జేబు కుట్టు తాగినవాడి నడకలా పోయింది. పక్కన చేతి అంచు మాత్రం గీత గీసినట్టుంది. ఆ గీత వారనే, ముందు వంకరగా పోయిన కుట్టు విప్పేసిన సూది బెజ్జాలు వరసగా కనిపించాయి. ఆయన వేలితో వాటిని తడిమాడు.

"నేను కుట్టింది విప్పేసి మళ్ళీ కుట్టారు. ముడి ఇలా ఎడమకి వేసేది మీ అత్తయ్య ఒక్కతే. పెళ్ళైన కొత్తలో ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోలేదు."

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన కన్నా బాగా చిన్నదైన అత్తగారికి దగ్గరి చూపు ఇంకా తగ్గలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక మాస్టరు కునుకు తీస్తుంటే అత్తగారు ముందుగది తలుపు దగ్గరగా వేసుకునేది. "ఇస్త్రీ చేసుకుంటున్నా, రాకు" అనేది. కోడలు పోనీలే అనుకునేది.

అత్తగారు సాయంత్రానికి తిరిగొచ్చింది. మొగుడి ముక్కు మీద జోడూ, ఒళ్ళో తిరగేసిన చొక్కాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడాయన.

ఆవిడ చెప్పులు విప్పి మెల్లగా కూర్చుంది. "బడి మేష్టారి కోటు కుట్టినప్పట్నుంచి. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. పాపం, ఆయన మొహమాటపడి అలాగే పట్టుకుపోతానన్నాడు. ఇస్త్రీ కాలేదని చెప్పి ఆపాను."

"నాకు చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? మీ చేతిలో పని పోయిందనా? ఆ మాటంటే మనిషి మిగిలేవారా?"

"నీ పనికి నన్ను మెచ్చుకుంటుంటే తలూపుతూ కూర్చున్నాను కదే, వెర్రివెంగళప్పలా!"

ఆవిడ కోడలి వైపు చూసింది. ఆ చూపులో కోపం కన్నా అలసటే ఎక్కువ. "జోడు పెడితే ఆయనకి ముందు కనపడేది ఇదేనని నాకు తెలుసు. అందుకే వద్దన్నాను."

మర్నాటి నుంచి మాస్టరు కొట్టు తలుపు సగమే తీశాడు. జోడు మడిచి మిషను మీద పెట్టాడు, మళ్ళీ ముట్టుకోలేదు. ఇంట్లో మాటలు ముళ్ళ మీద నడిచినట్టు సాగాయి. మంచి చేయబోతే ఇలా మెడకు చుట్టుకుందేమిటని కోడలు లోలోపలే కుమిలిపోయింది.

సంస్థలో నెలనెలా జరిగే సమావేశంలో అందరూ సంతోషమైన కబుర్లు చెబుతుంటే ఆమె ఈ సంగతి చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటున్న కలానికి మూత పెట్టింది.

"ఎన్ని జోళ్ళు అమ్మామో చూసుకున్నాంగానీ, పెట్టుకున్నవాళ్ళకి ఏం కనిపించిందో ఎప్పుడూ అడగలేదు" అంది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"నాకూ తెలీదమ్మా. ఇచ్చిన చూపు వెనక్కి తీసుకోలేం. వాళ్ళ పక్కన కూర్చో. అమ్మేసి వచ్చెయ్యడంతో మన పని అయిపోదేమో."

కోడలు రెండు రోజులు సంచీ పక్కనపెట్టి కొట్టులోనే కూర్చుంది. గుండీలు రంగుల వారీగా ఏరింది. రెండో రోజు పోస్టుమాస్టరు గుడ్డ పట్టుకుని వచ్చాడు.

"పోయినసారి చొక్కా లాంటిదే కావాలి మాస్టారూ. ఆ కాజాలు చూసి మా ఆఫీసులో అందరూ ఎవరు కుట్టారని అడిగారు."

లోపలి గుమ్మం దగ్గర అత్తగారు నిలబడి వింటోంది. మాస్టరు జోడు తీసి పెట్టుకున్నాడు. పోస్టుమాస్టరు ఒంటిమీది చొక్కా అంచు పట్టుకుని ఒక్కో కాజా చూశాడు.

"ఇవి నావి కావండీ. మా ఆవిడవి. నాకు చూపు ఆనడం మానేసి చాలా కాలమైంది. ఇన్నాళ్ళూ మీరు మెచ్చుకున్నదంతా ఆవిడ చేతి పనే."

పోస్టుమాస్టరు చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టాడు. "అయితే... అమ్మగారినే కుట్టమనండి."

అత్తగారు బయటికొచ్చింది. కళ్ళు తడిగా ఉన్నా గొంతు గట్టిగానే ఉంది. "కుడతాను. కానీ మధ్యాహ్నాలు మాత్రం కాదు. ఆయన నిద్రపోతుంటే ఇన్నేళ్ళు కుట్టాను. ఇక మధ్యాహ్నాలు నేను నిద్రపోతా, ఆయన కుడతారు."

ముందు నవ్వింది మాస్టరే.

అప్పటి నుంచి కత్తిరింపూ మిషనూ ఆయనవి, చేతి పని ఆవిడది. కోడలు మళ్ళీ సంచీ తగిలించుకుంది. ఇప్పుడు జోడు అమ్మిన ఇంటికి కొన్నాళ్ళాగి మళ్ళీ వెళుతుంది, కూర్చుంటుంది, వాళ్ళు చెప్పేది వింటుంది. డాక్టరమ్మ మిగతావాళ్ళకీ అదే చెప్పింది.

మాస్టరు మనసు పూర్తిగా కుదుటపడిందని చెప్పలేం. ఆయన కొట్టులో కుట్టిన పాత చొక్కా వేసుకుని ఎవరైనా వీధిలో పోతుంటే, జోడు కిందికి జార్చి, దాని పైనుంచి వెనక కుట్టు వైపు చూస్తాడు. ఎక్కడన్నా వంకర కనిపిస్తే ముఖం వాడిపోతుంది.

"అది నేను కుట్టిందేలెండి, కంగారు పడకండి" అంటుంది ఆవిడ.

"తెలుస్తూనే ఉంది. భుజం దగ్గర కాస్త వంకర పోయింది" అంటాడాయన.