దూలం పక్క సందు

బొజ్జయ్య ఆ ఎండాకాలమంతా ఒకటే పని చేశాడు. జైరాంని చూసి ఏడ్చాడు. ఏడవడమంటే కన్నీళ్లు పెట్టుకోవడం కాదు. పొద్దున్నే మొహం కడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని, బుల్లెమ్మ టీకొట్టు ముందున్న బల్ల మీద కూర్చుని, ఎదురుగా మిరపచేలో పని చేసుకుంటున్న మనిషిని మధ్యాహ్నం దాకా చూసి, కడుపు నిండా కుళ్లుకుని, ఇంటికి వెళ్లి అన్నం ముందు మొహం మాడ్చుకుని కూర్చోవడం.

మిరపచేలో అప్పుడు మిరప లేదు, పడవ ఉంది. రాజేశ్వరి లాంచీ. టేకు పలకలు, మద్ది దూలం, అరవై మంది కూర్చునే చోటు. భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా ఇరవై ఏళ్లు జనాన్ని మోసి, ముసలిదైపోయి రేవులో కట్టుకొయ్యకు అంటిపెట్టుకుని ఉండేది. ఎనభై ఆరులో వరద వచ్చినప్పుడు గోదావరి దాని తాడు తెంపి, ఎత్తుకొచ్చి, చేలో కూర్చోబెట్టి తన దారిన తాను పోయింది. చేనూ లాంచీ రెండూ వెంకటనారాయణవే. వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్లు. ఆయన లాంచీ చుట్టూ రెండు పంటలు మిరప వేశాడు. ఆ తర్వాత, పాపికొండలు చూడ్డానికి జనం వస్తున్నారు కదా, దీన్ని బాగు చేయిస్తే మళ్లీ తిరుగుతుంది కదా అని ఆయనకు తోచింది.

ఆ చుట్టుపక్కల పడవ మేస్త్రీ అంటే బొజ్జయ్యే. రాజేశ్వరికి ఏ పలక ఎప్పుడు మార్చారో, ఏ మేకు ఎందుకు వంకర పోయిందో ఆయనకు కంఠతా వచ్చు. మరి పని ఆయనకు ఎందుకు రాలేదంటే, తప్పు ఆయనదే. కానీ ఆ మాట ఆయన ముందు అనడానికి ఎవరికీ గుండె చాలదు.

పడవ మేస్త్రీలకు ఒక పద్ధతి ఉంది. పని చేయించుకునేవాడు వచ్చి మూడుసార్లు అడగాలి. మొదటిసారి అడిగితే మేస్త్రీ "చూద్దాంలే" అంటాడు. రెండోసారీ "చూద్దాంలే" అంటాడు. మూడోసారి అడిగినప్పుడు లేచి ఉలి చేతిలోకి తీసుకుంటాడు. బొజ్జయ్య నాయనా అంతే, తాతా అంతే. ఎగబడి ఒప్పుకుంటే పనికి విలువ ఉండదని వాళ్ల నమ్మకం. వెంకటనారాయణ రెండుసార్లు వచ్చి అడిగాడు. మూడోసారి కోసం బొజ్జయ్య ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద నాలుగు రోజులు కూర్చున్నాడు. ఐదో రోజు మిరపచేలోంచి సుత్తి చప్పుడు వినబడింది.

తర్వాత దారిలో ఎదురైతే వెంకటనారాయణ, "నువ్వు చూద్దాంలే అన్నావు గదయ్యా. పెద్దవాడివైపోయావు, ఇక చేతకావట్లేదేమో అనుకున్నాను," అన్నాడు. పాపం, ఆయన మంచి మనసుతోనే అన్నాడు. ఆ మాట మాత్రం బొజ్జయ్యకు పుండు మీద కారం చల్లినట్టుంది.

పోనీ పని ఏ కాకినాడ వాడికో ఇచ్చినా ఇంత బాధ ఉండేది కాదు. ఇచ్చింది జైరాంకి. తండా నుంచి వచ్చి, పదేళ్లు బొజ్జయ్య దగ్గర పని నేర్చుకుని, ఆ తర్వాత పాల్వంచ పోయి కంపెనీ క్వార్టర్లకు తలుపులూ కిటికీలూ బిగించి, నిరుడు పెళ్లాం బిడ్డతో తిరిగొచ్చిన జైరాంకి. సుత్తి ఎలా పట్టుకోవాలో కూడా బొజ్జయ్యే నేర్పాడు. రెండు మెత్తటి దెబ్బలు, ఒక గట్టి దెబ్బ. ఆ చప్పుడే ఇప్పుడు రోజంతా చేలోంచి వస్తోంది. తన చేతి చప్పుడును ఇంకొకడి చేతిలో వినడం ఎంత కష్టమో బొజ్జయ్యకు ఆ వేసవిలోనే తెలిసింది.

జైరాం పనికి దిగిన రోజే ఆకూ వక్కా పట్టుకుని ఇంటికి వచ్చాడు. "మేస్త్రీ, ఒక్కపాలి వచ్చి..." అనబోయాడు. బొజ్జయ్య తల కూడా ఎత్తకుండా "చూద్దాంలే" అన్నాడు. నెల తిరిగాక మళ్లీ వచ్చాడు. అప్పుడు బొజ్జయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, అటు తిరిగే "చూద్దాంలే" అన్నాడు.

"గా పిలగాడు ఏదో అడగనీకి వచ్చిండు. వాని మాట ఇంటే నీ సొమ్మేం పోతది?" అంది భార్య ఆదెమ్మ.

"వాడు అడగనీకి రాలే. నన్ను ఎక్కిరియ్యనీకి వచ్చిండు."

"ఆకూ వక్కా పెట్టి ఎక్కిరిస్తరా ఎవలన్న?"

బొజ్జయ్య తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. మర్నాడు మామూలు వేళకే టీకొట్టుకు వెళ్లాడు.

టీకొట్టులో బుల్లెమ్మ ఊరుకునే మనిషి కాదు. "జైరాం చెయ్యి పడ్డంక లాంచీకి కళ వచ్చింది మేస్త్రీ. మీరేమంటరు?" అంది గ్లాసు అందిస్తూ. ఆయనేమంటాడు? టీలో చక్కెర తక్కువైందన్నాడు. దారినపోయే ప్రతివాడూ సైకిలు ఆపి లాంచీ వంక చూసి "అబ్బ" అనడమే. చర్ల బస్సు డ్రైవరు సైతం అక్కడికొచ్చేసరికి బండి నెమ్మది చేసేవాడు. కుళ్లిన పలకలు తీసేసి కొత్త టేకు వేశాడు జైరాం. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. బొజ్జయ్య మనసులో ఒక వంకర పలక కోసం, ఒక చిట్లిన అంచు కోసం దేవుడికి మొక్కుకున్నాడు. దేవుడు పట్టించుకోలేదు.

ఆఖరికి ఒకరోజు పట్టించుకున్నట్టే కనిపించాడు.

ఆ రోజు జైరాం పలకల సందుల్లో నూనె పత్తి పెట్టి మొద్దు ఉలితో దట్టిస్తున్నాడు. బొజ్జయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. దెబ్బ మీద దెబ్బ వేసి, వేలు పెట్టినా దిగనంత గట్టిగా దట్టిస్తున్నాడు జైరాం. రెండేళ్లు ఎండలో ఎండిన పలకలవి. నీళ్లు తగిలితే ఉబ్బుతాయి. ఉబ్బడానికి చోటు లేకుండా పత్తి కూరితే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, లోపల పక్కటెముకల్లా వంగి ఉన్న చెక్కలు చిట్లుతాయి. పైకి ఏమీ కనబడదు. ఇంజను వేసి, జనాన్ని ఎక్కించి, నడి గోదావరికి పోయాక తెలుస్తుంది. అందుకే ఎండిన పడవకు పత్తి వదులుగా పెట్టాలి. మిగతాది నీళ్లే చూసుకుంటాయి.

ఈ సంగతి జైరాంకి తెలియదు. తెలియదని బొజ్జయ్యకు బాగా తెలుసు, ఎందుకంటే నేర్పనిది ఆయనే. పదేళ్లలో అన్నీ నేర్పాడు, ఇదొక్కటి దాచుకున్నాడు. ఎండిన పడవకు పత్తి పెట్టే పని వచ్చినప్పుడల్లా "పోయి గుగ్గిలం తేపో" అని జైరాంని అడవికి తరిమేవాడు. గుగ్గిలమంటే చెట్టు బంక, నూనెలో కాచి సందుల మీద పూస్తారు. వాడు తెచ్చేసరికి సందులన్నీ పూడిపోయేవి. అప్పుడు జైరాంకి ఇరవై రెండేళ్లు. అప్పటికే వాడి చెయ్యి తన చేతికన్నా తిన్నగా పోతోందని బొజ్జయ్య గమనించాడు. అంటే ఈ కుళ్లు ఈ వేసవిది కాదు, పాతదే.

బొజ్జయ్య ఆ రోజు ఇంటికి వెళ్లి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఆదెమ్మ ఆయన వంక అనుమానంగా చూసింది.

లాంచీని నీళ్లలోకి దించే రోజు ఖాయమైంది. దించాక ఎనిమిది రోజులు ఒడ్డునే నానుతుంది, తొమ్మిదో రోజు మొదటి ప్రయాణం. మొదటి ప్రయాణంలో పడవ ముందు చివర మేస్త్రీ ఇంటివాళ్లు కూర్చోవాలి. చేసినవాడే తన వాళ్లను ఎక్కించకపోతే పరాయివాడు నమ్మి ఎందుకు ఎక్కుతాడు? రాజేశ్వరి మొదటిసారి నీళ్లలోకి దిగినప్పుడు అక్కడ కూర్చున్నది బొజ్జయ్య తల్లి.

దించడం రేపనగా, జైరాంకి సద్ది తీసుకుని వాడి భార్య కమ్లి వచ్చింది. చంకలో ఏడాది పిల్ల. టీకొట్టు దగ్గర ఆగి బొజ్జయ్యకు దండం పెట్టింది.

"మేస్త్రీ, నన్నూ పిల్లనూ ముందల కూసోమంటుండు. నాకు నీళ్లంటే పానం పోతది. ఈత గిట్ల రాదు."

"మరి కూసోకు," అన్నాడు బొజ్జయ్య, తను అనుకున్నదానికన్నా గట్టిగా.

"నేను గదే అన్న. ఏం గాదు, ఇది బొజ్జయ్య మేస్త్రీ నేర్పిన పని, మునగదు అంటడు." నవ్వి, పిల్లను ఇంకో చంకలోకి మార్చుకుని చేలోకి వెళ్లిపోయింది.

బొజ్జయ్య మిగిలిన టీ నేల మీద పారబోశాడు. ఆ పిల్ల చేతికి ఎర్రదారం కట్టి ఉంది. అదొక్కటే కళ్ల ముందు ఆడుతోంది. జైరాం పరువు గోదాట్లో కలవాలని ఆయన నిజంగానే కోరుకున్నాడు. ఇప్పుడూ కోరుకుంటున్నాడు. కానీ ఆ కోరికలో ఈ ఎర్రదారం పిల్ల లేదు. ఎక్కడి నుంచి వచ్చి దూరిందో దూరింది. కాసేపు తనను తాను తిట్టుకున్నాడు, కాసేపు జైరాంని తిట్టాడు. కమ్లి ఖాళీ సద్దిగిన్నెతో తిరిగి వెళ్లిపోయాక లేచి, తువ్వాలు దులుపుకుని, నలభై రోజుల్లో మొదటిసారి రోడ్డు దాటాడు.

జైరాం లాంచీ నీడలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మేస్త్రీని చూసి గబుక్కున ఆర్పేసి లేచాడు.

"సందులు మస్తు గట్టిగ కొట్టినవ్," అన్నాడు బొజ్జయ్య ఏ పలకరింపూ లేకుండా. "ఎండిన పలకరా అది. నీళ్లల్ల ఉబ్బుతది. లోపల చెక్కలు ఇరుగుతయ్. పత్తంత పీకి వదులుగ పెట్టు. గీ మాట నీకు చెప్పలే నేను. కావాల్ననే చెప్పలే." చెప్పేశాక ఆయనకు ఒళ్లు తేలికైంది. ఎంతైనా మంచిపని చేశాననే గర్వం కూడా కొంచెం కలిగింది.

జైరాం తల వంచుకున్నాడు. "అవ్ మేస్త్రీ. జర ఇట్ల రాండ్రి."

వంగి లాంచీ కిందికి తీసుకెళ్లాడు. బొజ్జయ్య వేళ్లు తమంతట తామే సందుల మీదికి పోయాయి. కింది సందులన్నీ వదులుగా ఉన్నాయి. ఎంత ఉండాలో అంతే. తన చేత్తో తాను పెట్టుకుంటే ఇంకో రవ్వ ఎక్కువో తక్కువో అయ్యేది. టీకొట్టు బల్ల మీంచి ఆయనకు కనిపించినవి పై వరసలు మాత్రమే. అవి నీళ్లలో మునగవు, ఎండలోనే ఉంటాయి. వాటికి గట్టిగా దట్టించడమే సరైన పని.

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది బొజ్జయ్యకు. "ఎవడు చెప్పిండు నీకు?"

"మీరే. గుగ్గిలానికి పంపినప్పుడు మొదటిపాలి అడివికే పోయిన. రెండోపాలి నుంచి పోలే. మా తండాల ముందుగాల్నే కొని దాసిపెట్టి, రేవు కాడి తుమ్మచెట్ల చాటున కూసుని మీ చెయ్యి చూసేటోన్ని."

"పని అయిపోంగనే వచ్చేటోనివి," అన్నాడు బొజ్జయ్య మెల్లగా. "గంత సరిగ్గ ఎట్ల వస్తడు వీడు అనుకునేటోన్ని."

పదమూడేళ్లు. తాను దాచిన సంగతీ, ఎందుకు దాచాడన్న సంగతీ పదమూడేళ్లుగా వీడికి తెలుసు. తెలిసే దారిలో కనబడితే దండం పెట్టాడు, తెలిసే ఆకూ వక్కా తెచ్చాడు. బొజ్జయ్యకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనూ మళ్లీ కుళ్లే పుట్టింది. చెయ్యి ఒక్కటే కాదు, మనసు కూడా వీడిదే పెద్దది. చివరికి వీణ్ని కాపాడే గొప్ప అయినా తనకు మిగల్చలేదు.

ఆయన బయటికి రాబోతుంటే జైరాం అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్కటి మాత్రం కనపడలే మేస్త్రీ." లాంచీ అడుగున, ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగిన దూలాన్ని చూపించాడు. దానికి రెండు పక్కలా సందులు ఖాళీగా, పత్తి లేకుండా నోరు తెరుచుకుని ఉన్నాయి. "ఇది చేసేటప్పుడు మీరు వంగి కూసునేటోళ్లు. మీ ఈపు అడ్డమొచ్చేది. దూలం మద్ది, పలక టేకు. రెండు ఒక్క తీరుగ ఉబ్బవని తెలుసు. ఎంత పెట్టాల్నో ఎరుక లేదు. పది దినాల సంది ఆగిన."

"తెల్లారితే నీళ్లల్లకు దించుడేనాయె. అడగకపోతివా?"

"రెండుపాలి మీ ఇంటికొచ్చిన. చూద్దాంలే అన్నరు." జైరాం చెక్క సుత్తినీ మొద్దు ఉలినీ రెండు చేతులా పట్టుకుని ముందుకు చాపాడు. "ఇది మూడోపాలి అడుగుడు."

బొజ్జయ్య ఆ సుత్తి వంక చూశాడు. ఊళ్లో ఇక తన దగ్గర మాత్రమే ఉన్నది ఈ ఒక్క సందు. ఇది కూడా ఇచ్చేస్తే, రేపటి నుంచి టీకొట్టులో కూర్చునే ముసలాళ్లలో తానూ ఒకడు. ఇవ్వకపోయినా అంతే కావొచ్చు. ఎర్రదారం పిల్ల మళ్లీ గుర్తొచ్చింది. చెయ్యి చాపి సుత్తి అందుకున్నాడు.

దూలం పక్కన చతికిలబడి, పత్తి పేని, నూనెలో ముంచి, మొదటి దెబ్బ వేయబోతూ అలవాటు చొప్పున నోరు తెరిచాడు. "జైరాం, పోయి గుగ్గిలం..."

గుగ్గిలం కుండ నిండా కాచి, ఆయన మోకాలి పక్కనే ఉంది. జైరాం దాని వంక చూశాడు, మేస్త్రీ వంక చూశాడు. పోవడానికి రెండడుగులు వెనక్కి వేశాడు.

"యాడికి పోతున్నవ్?" అన్నాడు బొజ్జయ్య. "గీడ కూసో."

జైరాం వచ్చి ఆయన వెనక కూర్చున్నాడు. బొజ్జయ్య మెడ తిప్పి చూశాడు. తర్వాత మోకాళ్లు నొక్కుకుంటూ, విసుక్కుంటూ, మూరెడు పక్కకు జరిగాడు.

"ఇగ కనపడుతుందా?"