గోబూ దాదా పోయిన వారం

ఆదివారం పొద్దున్న మాధవీలత క్వార్టరు ముందుగదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఆ వరసలో కలర్ టీవీ ఉన్నది వాళ్లింట్లోనే. పిల్లలు తడి జుట్టుతో, చేతిలో బిస్కట్లతో వచ్చి నేలమీద సర్దుకునేవారు. వెనక మంచం మీద అత్తగారు అప్పయమ్మ. గుమ్మానికి ఆనుకుని మాధవీలత. తిరిగే ఫ్యానును చూసినట్టే ఆమె టీవీని కూడా చూసేది.

వచ్చేది జపాను బొమ్మల సీరియల్. హిందీలో మాటలు పెట్టి వేసేవారు. పేరు 'హవాఓం కా టాపూ', అంటే గాలుల దీవి. గాలిమరలున్న ఒక దీవి, దాంట్లో మీనా అనే పిల్ల, ఆ గాలిమరలు బాగుచేసే గోబూ దాదా. కొండంత మనిషి, ముందుపళ్లు రెండూ లేవు, నవ్వితే దీవంతా వినిపిస్తుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆ ఏడాది గోబూ దాదా నడక నడవని పిల్లాడు లేడు.

మాధవీలతకు పిల్లలు లేరు. మొగుడు పైడిరాజు దగ్గర్లోని గతౌరా స్టేషన్లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేసేవాడు. కిందటి వానాకాలం ఓ మధ్యాహ్నం డ్యూటీలోనే కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. గుండె ఆగిపోయింది. ఇంటికి వచ్చినవాళ్లు ఆ మాట చెప్పలేదు. మొదట కళ్లు తిరిగాయన్నారు. తరవాత ఆస్పత్రికి తెస్తున్నారన్నారు. ఆ తరవాత పెద్ద డాక్టరు చూస్తున్నాడన్నారు. ఆమెను ఆస్పత్రి వరండాలో బల్లమీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. టీ తెచ్చినవాడికీ తెలుసు. తెలియనిది ఆమెకొక్కదానికే. దీపాలు పెట్టే వేళకి ఎవరో పెద్దాయన గొంతు సవరించుకుని నిజం చెప్పేటప్పటికి, ఆమె లోపల ఏదో అప్పటికే మూతపడిపోయింది. ఏడుపు రాలేదు. ఆ రోజూ రాలేదు, పదో రోజూ రాలేదు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. అప్పయమ్మ ఏమీ అనలేదు గానీ, కోడలితో మాట తగ్గించేసింది.

పైడిరాజు పోయినందుకు ఆమెకు రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. వెళ్లేది, కూర్చునేది, వచ్చేది. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తోచేది కాదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు అప్పుడప్పుడు అతని మంకీటోపీ తీసి వాసన చూసుకునేది. ఏమీ అనిపించేది కాదు. మడతపెట్టి మళ్లీ పెట్టెలో పెట్టేసేది.

ఆమె తమ్ముడు రాంప్రసాద్ కోర్బాలో, కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. అక్కడ టర్బైన్లు బిగించడానికి వచ్చిన జపాను ఇంజనీర్లు పని ముగించుకుని వెళ్లిపోతూ గెస్ట్‌హౌస్‌లో పుస్తకాల గుట్ట వదిలేసి వెళ్లారు. వాటిలో కొన్ని రాంప్రసాద్ గోనెసంచిలో వేసుకుని తెచ్చాడు.

"బొగ్గుల సిగిడీ రాజేసుకోడానికి పనికొస్తాయక్కా. కాయితం మంచి ముతక్కాయితం," అన్నాడు.

మాధవీలత ఒకటి తీసి పేజీ చింపబోయి ఆగింది. గోబూ దాదా ఆమెను చూసి నవ్వుతున్నాడు, పళ్లు లేని నవ్వు. పక్కన మీనా. గాలిమరలు. అన్నీ నలుపూ తెలుపూ బొమ్మలే. అక్షరం ఒక్కటీ అర్థం కాలేదు గానీ బొమ్మలకి అక్షరాలెందుకు? అయితే కథ ముందుకు నడవలేదు. చచ్చినవాళ్లు లేచి కూర్చుంటున్నారు, పడిపోయిన ఇల్లు నిలబడుతోంది. కాసేపటికి తెలిసింది, ఆ పుస్తకం మనకి చివరనుంచి మొదలవుతుందని. తిప్పి పట్టుకుంటే సరిపోయింది.

టీవీలో వస్తున్న కథే అది. టీవీ ఇంకా రెండో పుస్తకంలో ఉంది. ఆమె దగ్గర నాలుగున్నాయి.

ఆ ఆదివారం సీరియల్ అయిపోయాక పిల్లలు అలవాటుగా ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు, "ఆగే క్యా హోగా?" అని, తరవాత ఏమవుతుందని. గుమ్మం దగ్గర నిలబడ్డ మాధవీలత, "మీనా పడవని దొంగలు పట్టుకుంటారు. దొంగల్లో ఒకడు ఆడపిల్ల," అంది హిందీలో, రేషను షాపులో ఏ రోజు పంచదార ఇస్తారో చెప్పినట్టు. వచ్చే వారం సరిగ్గా అలాగే అయింది. ఆ మాట కాలనీ దాటి, అర్పా నది దాటి సర్కండా దాకా పోయింది.

సర్కండాలో సాహూ అనే ఆయన హిందీ సాయంకాలం పేపరొకటి నడుపుతున్నాడు. వాళ్లమ్మాయి చెప్పిందట. ఆయనే ఆఫీసుకు వచ్చి ఆమె బల్లముందు కూర్చున్నాడు.

"మేడమ్, మా పిల్లల పేజీకి రాయండి. ఈ వారం కథ ఎలా ఉంది, పై వారం ఏం రాబోతోంది. అంతే."

ఆమె ఒప్పుకుంది. ఇష్టమై కాదు. కాదనడానికీ ఓపిక కావాలి కదా.

రైల్వే స్కూల్లో హిందీ మీడియంలో చదువుకుంది కాబట్టి ఆమెకు తెలుగు కన్నా హిందీ రాయడమే సులువు. చూసింది చూసినట్టు రాసేది. ఈ వారం సముద్రం బొమ్మ ఒక్కటే వేసి నాలుగుసార్లు తిప్పారని రాసింది. మనుషులు మాట్లాడేటప్పుడు నోరు తప్ప మొహం కదలడం లేదని, అయినా మీనా వెనక్కి తిరిగి నిలబడినప్పుడు ఆ వీపు మాత్రం ఎవరో మనసుపెట్టి గీశారని రాసింది. మీనాకి హిందీలో మాటలు చెప్పే అమ్మాయి మారిపోయిందని, కొత్తమ్మాయి గొంతులో ఆకలి లేదని రాసింది. ఆహా ఓహోలు లేవు. జనానికి అదే నచ్చింది. పెద్దవాళ్లు కూడా చదివేవారు. ఆఫీసులో శంకరరావు అనే హెడ్ క్లర్కు, "అమ్మా, ఇంత చప్పగా రాసి ఇంత బాగా ఎలా రాస్తున్నావు?" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో ఆమెకు తెలియలేదు, ఆలోచించనూ లేదు.

మూడో పుస్తకం సగంలో గోబూ దాదా చచ్చిపోయాడు.

తుఫానులో పెద్ద గాలిమర రెక్క విరిగి ఊరిమీద పడబోతుంది. అతను పైకెక్కి దాన్ని తాడుతో పట్టుకుని నిలబడతాడు. తెల్లారేసరికి తుఫాను పోతుంది, రెక్క అలాగే ఉంటుంది, తాడు పట్టుకుని అతనూ అలాగే ఉంటాడు. కళ్లు మాత్రం మూసుకుని. ఆ పేజీ మాధవీలత చాలాసేపు చూసింది. తరవాతి పేజీ తిప్పింది. టీవీ అక్కడికి రావడానికి ఇంక ఒక్క వారమే ఉంది.

ఆ వారం రాసిచ్చిన కాగితం చదివి సాహూ కళ్లజోడు తీశాడు.

"'వచ్చే ఆదివారం గోబూ దాదా చనిపోతాడు.' ఇలాగే వేసెయ్యమంటారా?"

"అదే కదా జరిగేది."

"పిల్లలండీ! కొంచెం మెత్తగా చెప్పండి. గోబూ దాదాకి పెద్ద కష్టం వస్తుంది, ఏమవుతుందో చూడండి, అని రాయొచ్చు."

"వద్దు," అంది మాధవీలత. ఆ వద్దు కాస్త గట్టిగా వచ్చేసరికి ఆమే తెల్లబోయింది. తరవాత మామూలుగా చెప్పింది. "ముందు కళ్లు తిరిగాయంటారు. తరవాత ఆస్పత్రి అంటారు. తరవాత డాక్టరంటారు. అలా మెత్తమెత్తగా చెప్పేసరికి అసలు మాట వచ్చినప్పుడు మనం అక్కడ ఉండం సాహూజీ. తెలిసినవాళ్లు తెలిసినట్టు చెప్పెయ్యడమే మంచిది."

సాహూకి ఆమె సంగతి తెలుసు. కళ్లజోడు పెట్టుకున్నాడు. "అచ్ఛా," అన్నాడు. వేసేశాడు.

పేపరు వచ్చిన మర్నాడు పక్క క్వార్టరు అప్పలకొండ తడిచేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటి మాధవీ, ఇదేటి పని? మా పిల్ల నిన్నట్నించి ముద్ద ముట్టట్లేదు. గోబూ దాదా సచ్చిపోతాడంట, మాధవి ఆంటీ రాసేసిందంట. సిన్నపిల్లలకి ఇయ్యేటి మాటలు?"

"ఆదివారం ఎలాగూ చూస్తుంది కదా వదినా."

"అప్పుడు ఏడ్సి ఊరుకుంటాది. నువ్వు వారం ముందే సంపేసినావు!" ఆమె గొంతు లేచింది. "నీకేటి, నీ గుండె రాయి. అందరిదీ అలాగే ఉంటాదనుకున్నావేటి?"

అనేశాక అప్పలకొండే నాలిక కరుచుకుంది. మాధవీలత తలూపింది, అవును నిజమే అన్నట్టు. లోపల మంచం మీద అప్పయమ్మ అంతా వింటోంది.

ఆ ఆదివారం గది కిటకిటలాడింది. కిటికీలోంచి కూడా చూశారు. తుఫాను వచ్చింది. రెక్క విరిగింది. గోబూ దాదా తాడు పట్టుకుని ఎక్కాడు. పిల్లలు ఒకళ్ల చేతులు ఒకళ్లు పట్టుకున్నారు. ఉన్నట్టుండి తెరమీద తెల్లవారింది. ప్రశాంతమైన సముద్రం, దూరంగా ఒక ఓడ. మీనా చెయ్యి ఊపుతోంది. హిందీ గొంతు చెప్పింది: గోబూ దాదా ఊరిని కాపాడాడు, ఇప్పుడు మరో దీవిలో గాలిమరలు బాగుచెయ్యడానికి ఓడెక్కి వెళ్లిపోయాడు.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరవాత గది దద్దరిల్లింది. పిల్లలు గంతులేశారు, మంచం ఎక్కారు. "ఆంటీ గలత్! ఆంటీ గలత్!" అని, ఆంటీ చెప్పింది తప్పని చప్పట్లు కొట్టారు. అప్పలకొండ కూతురు బిస్కట్లు రెండు ఒకేసారి నోట్లో కుక్కుకుంది.

మాధవీలత తెరవైపే చూస్తూ నిలబడింది. కోసిన చోటు ఆమెకు కనిపించింది. తుఫాను హోరు మధ్యలో తెగిపోయింది. ఆ ఓడ కథ మొదట్లో టీవీలో వచ్చిన ఓడ, మీనా వచ్చిన ఓడ. అదే బొమ్మను వెనక్కి నడిపించారు.

సోమవారం సాహూ ఫోను ఆఫీసుకే వచ్చింది. జనం నవ్వుతున్నారనీ, మా వల్ల పొరపాటు జరిగిందని రెండు ముక్కలు రాసివ్వమనీ అడిగాడు. ఆమె రాసిచ్చింది. 'టీవీలో గోబూ దాదా ఓడెక్కి వెళ్లాడు. పుస్తకంలో చనిపోయాడు. బొమ్మలు గీసినవాడు చనిపోయాడనే గీశాడు. మాటలు పెట్టినవాళ్లు వెళ్లాడన్నారు. అతను ఇక కథలోకి రాడు, మీరే చూస్తారు.' సాహూ అది వెయ్యలేదు. తరవాతి వారం నుంచి ఆ చోట ఇంకెవరో కాలేజీ కుర్రాడు రాశాడు. ప్రతి వాక్యానికీ ఆశ్చర్యార్థకం పెట్టేవాడు. మాధవీలత ఒకసారి చదివి పేపరు మడిచేసింది. బాధేమీ వెయ్యలేదు. వారంలో ఒక పని తగ్గిందనుకుంది.

ఆ శనివారం ఆఫీసు ఒంటిపూటే. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే అప్పయమ్మ పిలిచింది.

"ఓలమ్మీ, ఇలా రా. ఆ బొమ్మల పుస్తకం తే."

"ఏ పుస్తకం అత్తా?"

"ఆ లావుపాటోడిది. అందరూ ఒకో మాట సెప్తన్నారు. ఆడు పోనాడా, ఎల్లినాడా? నాకు సూపించు."

మాధవీలత మూడో పుస్తకం తెచ్చి మంచం అంచున కూర్చుంది. ముసలావిడ ఏ భాషా చదవలేదు, అందుచేత ఎటునుంచి తిప్పాలన్న పేచీయే లేదు. కోడలు వేలు పెట్టి చూపిస్తుంటే ఒక్కో బొమ్మా వంగి చూసింది. తుఫాను చూసింది. తాడు చూసింది. మూసుకున్న కళ్ల దగ్గర ఆగిపోయింది.

"పోనాడు," అంది.

"పోయాడత్తా."

"ఎల్లినాడంటారేటి మరి, కళ్లెదుట ఇంత తెలస్తంటే?" అని పుస్తకం మీంచి తలెత్తింది. "మనోణ్ణీ అలాగే అన్నారు. డూటీలో ఉన్నాడన్నారు నాకు. నీకేటి సెప్పినారో నాకు తెల్దు. నాకు మాత్రం పొద్దు కూకీదాకా డూటీలోనే ఉన్నాడు. నేను ఆడి కోసం కూర కూడా ఉడకేసినాను."

మాధవీలత అత్తగారి మొహం చూసింది. ఆ రోజు ఈవిడ ఇంట్లో ఏం చేస్తోందో ఆమె ఎప్పుడూ అడగలేదు. తనొక్కతే బల్లమీద కూర్చుందనుకుంది ఇన్నాళ్లూ.

"నాకు ఆస్పత్రిలో టీ ఇచ్చారత్తా," అంది. "తాగేశాను. మొత్తం తాగేశాను."

అప్పయమ్మ పేజీ తిప్పమన్నట్టు చెయ్యి ఊపింది.

తరవాతి పేజీల్లో మాటల బుడగలు లేవు. ఊళ్లో వాళ్లు అన్నాలు తింటున్నారు. ఒకామె గిన్నెలు కడుగుతోంది. మీనా గాలిమర కింద కూర్చుని చెప్పులో రాయి దులుపుకుంటోంది. రెక్కలు తిరుగుతున్నాయి. అలా పేజీలకి పేజీలు.

"ఈలెవరూ ఏడట్లేదేటి?"

"ఏడవరత్తా. పుస్తకం అయిపోయేదాకా చూశాను. ఏడవరు."

"ఆడంటే పేనం కదా ఈలికి!"

"ప్రాణమే."

ముసలావిడ మీనా బొమ్మ మీద, ఆ చెప్పు దులుపుకుంటున్న చేతిమీద, గోరుతో నెమ్మదిగా రాసింది. కోడలి వైపు చూడకుండానే అంది.

"నిన్ను నేను సానా అనుకున్నానే అమ్మీ. పైకి అన్లేదు గానీ. అప్పలకొండ ఆ రోజు అన్న మాటే నేనూ అనుకున్నాను."

"తెలుసత్తా."

"తెలిసీ ఊరుకున్నావా?"

"మీరు అనుకున్నది అబద్ధం కాదేమో అనిపించింది."

"సాల్లే," అంది అప్పయమ్మ. కోపంగా కాదు. "తరవాతేటవుద్ది? ఈ పిల్ల ఏటవుద్ది?"

"నాలుగో పుస్తకంలో పెద్దదవుతుంది. గాలిమరలు తనే బాగుచేస్తుంటుంది. ఆ తరవాతది మనకి రాలేదు. వాళ్లు పట్టుకెళ్లిపోయినట్టున్నారు."

"అయితే నీకూ తెల్దన్నమాట."

"తెలీదత్తా."

"తెల్దు అంటే బాగానే ఉంది," అని అప్పయమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "పద. అన్నం తిన్నావేటి?"

తినలేదని చెబుతుండగా మాధవీలత కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. రోగమేమో అనుకుని చెయ్యి వేసి చూసుకుంది. కాదు, ఆకలి. మండిపోతోంది. ఇన్ని నెలలూ గడియారం చూసి తిన్నదే తప్ప, కడుపు ఇలా పిలవడం మరిచిపోయింది. వంటింట్లో పీట మీద కూర్చుంది. అప్పయమ్మ కంచంలో అన్నం పెట్టి, పప్పు పోసి, ఆవకాయ ముక్క పక్కన వేసింది. మొదటి ముద్దకి కారం నాలిక మీద చురుక్కుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికే.

"నీళ్లు తాగు," అంది అత్తగారు.

"పర్లేదత్తా. ఇంకొంచెం పెట్టండి."