సీలు తీయని సీసా

బల్ల సర్దుతుంటే యాసిడ్ సీసా చేతికి తగిలింది. మూత మీద సీలు అలాగే ఉంది.

అంటే బ్లేడుని కడగనే లేదు.

షెడ్డు బయట చిన్న విమానం ఇంజను అప్పటికే మొదలైంది. అందులో ఉన్నది మా అక్క మొగుడు. బాగుచేసిన ప్రొపెల్లర్‌ని నేల మీదే పూర్తి వేగంతో తిప్పి చూడటం అతని పని. బ్లేడు అంచున పడ్డ గాటుని ఆకురాయితో రాసి నునుపు చేసింది నేను. అలా రాస్తే లోహం సాగి, కింద పగులుంటే దాన్ని కప్పేస్తుంది. అందుకే ముందు యాసిడ్‌తో కడగాలి. తర్వాత ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే పగులు ఎర్రగా బయటపడుతుంది.

పాత సీసా ఖాళీ అయిందని కొత్తది తెచ్చి పెట్టుకున్నాను. ఇంతలో అక్క ఫోను. మాట్లాడి వచ్చి నేరుగా రంగు పూశాను. ఏమీ కనబడలేదు. పగుళ్లు లేవని చీటీ మీద సంతకం పెట్టి బావకిచ్చాను.

సీసాతోనే పరుగెత్తాను. హోరు పెరుగుతోంది. అతనికి కనబడేలా నిలబడి, గొంతుకి అడ్డంగా అరచెయ్యి లాగాను. ఇంజను ఆపమని అర్థం.

బావ ఇకిలించి, తన గొంతుకి అడ్డంగా వేలు లాగి నన్ను చూపించాడు.

తప్పు ఇద్దరిదీ. చదరంగంలో ఎవరు గెలిచినా, అక్క ఎవరిని తిట్టినా, 'నీ పని అయిపోయింది' అని పదేళ్లుగా ఆ సైగతోనే ఆటపట్టించుకుంటున్నాం.

ప్రొపెల్లర్‌కి రెండు పక్కలా నేల మీద పసుపు గీత ఉంటుంది. బ్లేడు విరిగితే ముక్క దూసుకొచ్చేది దాని వెంబడే. షెడ్డు కుక్క కూడా ఆ గీత తొక్కదు.

వెళ్లి దాని మీద నిలబడ్డాను.

బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. హోరు తగ్గింది. బ్లేడ్లు విడివిడిగా కనబడేదాకా నేను గీత దిగలేదు.

దిగుతూనే నా చొక్కా పట్టుకున్నాడు.

"చావాలనుందా? మీ అక్కకి నేనేం చెప్పుకోను?"

"సీలు చూడు బావా."

చూశాడు. చొక్కా వదిలేశాడు.

ఈసారి ఇద్దరం కలిసి కడిగాం. రంగు పూశాం, పొడి చల్లాం. పది నిమిషాలకి ఆ తెలుపులో వెంట్రుకంత ఎర్ర గీత తేలింది. బ్లేడు సగందాకా పాకింది.

బావ దాని మీదికి వంగాడు. చెయ్యి తనకు తెలియకుండానే గొంతు తడుముకుంది. జేబులోంచి నా చీటీ తీసి ఇచ్చాడు. చింపబోయాను.

"చింపకు," అన్నాడు. "నీ బల్ల ముందు అంటించు. రోజూ చూడు."